ఫార్వర్డ్ కంట్రోల్ ఎక్స్‌టెన్షన్ కిట్: 2 అంగుళాలా, 3 అంగుళాలా?

దూరప్రయాణి

సభ్యులందరికీ నమస్కారం. నేను నడుపుతున్నది 650 సీసీ తరగతికి చెందిన క్రూజర్, అంటే కాళ్ళు ముందుకు చాపి నడిపే రకం మోటార్ సైకిల్. దాని ఫుట్‌రెస్టులు, బ్రేకు పెడలు, గేరు లివరు తయారీదారు అమర్చినప్పుడే కాస్త ముందువైపు ఉన్నాయి. అయినా నా ఎత్తు 188 సెంటీమీటర్లు కావడం వల్ల, గంటన్నర దాటిన ప్రయాణాల్లో మోకాళ్ళు పట్టేస్తున్నాయి. కుడి తుంటి దగ్గర మొదలయ్యే తిమ్మిరి బండి దిగిన తరువాత కూడా చాలాసేపు వదలడం లేదు. అందుకని కంట్రోల్స్‌ను మరికొంత ముందుకు జరిపే కిట్ కొనాలనుకుంటున్నాను.

నా బండికి సరిపోయేవి మూడు రకాలు కనిపించాయి. మొదటిదానిలో దూరం పెంచడానికి మధ్యలో పెట్టే గుండ్రటి స్పేసర్లు, వాటికి తగ్గ పొడవాటి బోల్టులు మాత్రమే ఉన్నాయి. రెండవది ఒకే అల్యూమినియం దిమ్మ నుంచి కోసి తీసిన బ్రాకెట్ల జత. ఇది 2 అంగుళాలు, 3 అంగుళాలు అనే రెండు కొలతల్లో దొరుకుతోంది, పెడలునూ లివరునూ బ్రేకుకూ గేర్ బాక్సుకూ కలిపే కొత్త లింకేజీ రాడ్లు కూడా దానితోనే వస్తాయి. మూడవది ఫుట్‌రెస్టులను మాత్రమే ముందుకు జరుపుతుంది, పెడలు, లివరు ఉన్నచోటే ఉండిపోతాయి. ఎత్తుగా ఉన్నాను కాబట్టి 3 అంగుళాల కిట్ తీసుకుంటే సరిపోతుందని నా అంచనా. వాడినవారు దయచేసి సలహా ఇవ్వండి.

క్రూజర్‌ప్రియ

నేను రెండేళ్ళుగా 3 అంగుళాల స్పేసర్ కిట్ వాడుతున్నాను. పొడవైన తిన్నని రోడ్ల మీద చాలా హాయిగా ఉంది. నెమ్మదిగా మలుపు తిప్పేటప్పుడు, వాహనాల మధ్య ఆగుతూ కదులుతూ వెళ్ళేటప్పుడు మాత్రం వెనుక బ్రేకును అందుకోవడానికి సీటులో కొద్దిగా ముందుకు జరగవలసి వస్తోంది. అది అలవాటైపోయింది. మీ ఎత్తుకు 3 అంగుళాలే సరైనదని నాకనిపిస్తోంది.

పానా13

దూరప్రయాణి గారూ, ఎన్ని అంగుళాలు అన్న ప్రశ్నను కాసేపు పక్కన పెట్టి, కంట్రోల్స్ ముందుకు జరిగినప్పుడు వాటితోపాటు ఏమేమి జరుగుతాయో, ఏవి వెనకే ఉండిపోతాయో ముందుగా చూడమని కోరుతున్నాను. కొన్ని బండ్లలో వెనుక బ్రేకు మాస్టర్ సిలిండర్ (పెడలు తొక్కినప్పుడు బ్రేకు ద్రవాన్ని ఒత్తిడితో పంపే భాగం) పెడలుతో కలిసి ఒకే అమరికగా ఉంటుంది. అక్కడ మొత్తం ముందుకు జరుగుతుంది, బ్రేకు గొట్టం పొడవు చాలుతుందా లేదా అన్నదే సమస్య. మరికొన్నింటిలో మాస్టర్ సిలిండర్ వెనుక ఫ్రేముకే ఉండిపోతుంది, పెడలు నుంచి వెళ్ళే పొడవాటి రాడ్డు దానిని నెడుతుంది. మీది ఈ రెండవ రకమైతే, మీరు కొనే కిట్‌లో అన్నింటికంటే ముఖ్యమైన భాగం మెరిసే బ్రాకెట్ కాదు, సంచిలో చుట్టి పెట్టిన ఆ రాడ్డు.

దీనిని నేను నేర్చుకున్న తీరు చెబుతాను. పాత బండికి ఒక కిట్ బిగించి, పెడలు ఎత్తు నా బూటుకు అనువుగా ఉండేలా రాడ్డును తిప్పి పొడవు పెంచాను. ఇంటి ముందు నొక్కి చూస్తే బ్రేకు చక్కగా పట్టింది. దాదాపు 12 కిలోమీటర్లు వెళ్ళాక యాక్సిలరేటర్ తిప్పుతున్నా బండి బరువుగా కదలసాగింది, మరికాసేపటికి కాలిన వాసన వచ్చింది. పక్కకు ఆపి క్లచ్ పట్టి నెడితే బండి కదలలేదు. వెనుక డిస్కు మీద వేసిన రెండు నీటి చుక్కలు చిటచిటమని ఆవిరైపోయాయి. ప్యాడ్లను డిస్కుకు అదిమే కాలిపర్ మీద, ద్రవాన్ని బయటకు వదిలే బ్లీడ్ నిపుల్‌ను పావు చుట్టు వదులు చేయగానే ద్రవం చిమ్మింది, అప్పుడు చక్రం వదిలింది.

కారణం సులువైనదే. మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్ పూర్తిగా వెనక్కి వచ్చినప్పుడు మాత్రమే ద్రవం నిల్వ ఉండే రిజర్వాయరుకు దారితీసే సన్నని రంధ్రం తెరుచుకుంటుంది. బ్రేకు వాడే కొద్దీ వేడెక్కి వ్యాకోచించే ద్రవం ఆ రంధ్రం గుండానే వెనక్కి పోవాలి. రాడ్డు అవసరానికి మించి పొడవుగా ఉంటే పిస్టన్ ఆ రంధ్రాన్ని మూసే ఉంచుతుంది. అప్పుడు వేడికి ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడికి ప్యాడ్లు డిస్కును రాస్తాయి, ఆ రాపిడితో వేడి ఇంకా పెరుగుతుంది. చివరికి ఎవరూ నొక్కకుండానే చక్రం పట్టేస్తుంది. కాబట్టి పెడలును వేలితో తాకినప్పుడు, పిస్టన్ కదలడానికి ముందు రాడ్డు కొద్దిగా ఖాళీగా కదలాలి. ఎంత ఖాళీ ఉండాలో మీ బండి సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. పెడలు ఎత్తును వేరే స్టాపర్ బోల్టుతో సరిచేసే వీలు ఉన్న కిట్‌నే ఎంచుకోండి. ఎత్తుకూ ఖాళీకీ ఒకే రాడ్డు మీద ఆధారపడే కిట్‌లో, ఒకటి సరిచేస్తే రెండవది చెడుతుంది.

దూరప్రయాణి

పానా13 గారూ, ఇప్పుడే వెళ్ళి చూసి వచ్చాను. నాది మీరు చెప్పిన రెండవ రకమే. మాస్టర్ సిలిండర్ వెనుక ఉంది, పెడలు దగ్గర నుంచి సుమారు 200 మిల్లీమీటర్ల రాడ్డు దాని దాకా వెళుతోంది. బ్రేకు లైటు స్విచ్చి ఒక చిన్న స్ప్రింగుతో పెడలుకు తగిలించి ఉంది. 3 అంగుళాలు జరిపితే ఆ రాడ్డు 275 మిల్లీమీటర్లు కావాలి. అదే మందంతో పొడవైన రాడ్డు వేస్తే ఏమైనా తేడా ఉంటుందా?

లేతుపనివాడు

చాలా తేడా ఉంటుంది. లాగే రాడ్డు వేరు, నెట్టే రాడ్డు వేరు. నెట్టే రాడ్డు మీద బరువు పడినప్పుడు అది మధ్యలో పక్కకు వంగిపోవాలని చూస్తుంది. అలా వంగకుండా ఓర్చుకోగల బరువు, పొడవు వర్గానికి విలోమంగా తగ్గుతుంది. 200 నుంచి 275కు పెంచితే మునుపటి బలంలో సుమారు 53 శాతమే మిగులుతుంది. మరోవైపు మందానికి ఇది నాలుగవ ఘాతంలో పెరుగుతుంది కాబట్టి, 8 మిల్లీమీటర్ల రాడ్డు స్థానంలో 10 మిల్లీమీటర్లది వేస్తే 2.4 రెట్లు బలం వస్తుంది, పోయిన దానికంటే ఎక్కువే తిరిగి దక్కుతుంది. అందుచేత కిట్‌తో వచ్చే బ్రేకు రాడ్డు మీ పాత రాడ్డు కంటే లావుగా ఉందో లేదో వెర్నియర్ కాలిపర్స్ (మందం కొలిచే సాధనం) పెట్టి కొలవండి. అత్యవసరంగా బ్రేకు తొక్కినప్పుడు రాడ్డు వంగితే మీకు పెడలు మెత్తగా తగులుతుంది తప్ప, ప్యాడ్ల దాకా ఆ బలం చేరదు.

స్పేసర్ కిట్ గురించి కూడా నా అభిప్రాయం చెబుతాను. క్రూజర్‌ప్రియ గారికి అది రెండేళ్ళు నిలిచిందంటే వారు దానిని శ్రద్ధగా చూసుకుంటున్నారని అర్థం. అయినా ఆ నిర్మాణాన్ని నేను సిఫారసు చేయలేను. ఫుట్‌రెస్టు మీద 600 న్యూటన్ల బరువు, అంటే సుమారు 60 కిలోలు పడిందనుకుంటే, దానిని 75 మిల్లీమీటర్లు ముందుకు జరిపినందువల్ల ఫ్రేము దగ్గర అదనంగా 45 న్యూటన్-మీటర్ల తిప్పుడు బలం చేరుతుంది. గతుకులో పడినప్పుడు అది ఇంకా పెరుగుతుంది. ఒకే దిమ్మ బ్రాకెట్ ఆ బలాన్ని వెడల్పాటి ముఖంతో ఫ్రేముకు ఆనించి పంచుతుంది. విడివిడి స్పేసర్లలో ఒక్కొక్క బోల్టు తన చుట్టూ ఉన్న సన్నని గొట్టంతో కలిసి ఒంటరిగా ఆ వంపును మోయాలి.

గట్టిగా బిగిసి ఉన్న బోల్టు సాధారణంగా విరగదు. బిగింపు బలం రెండు ముఖాలను అదిమి పట్టి ఉంచినంతకాలం బరువంతా ఆ ముఖాల రాపిడి మీదుగా పోతుంది, బోల్టుకు పెద్ద మార్పు తెలియదు. ఒకసారి వదులైతే మాత్రం ప్రతి గతుకుకూ బోల్టు అటూ ఇటూ వంగుతుంది, ఇంజను అదురు దానికి తోడవుతుంది, బోల్టు మీది మరలు మొదలయ్యే చోట సన్నని పగులు పుడుతుంది. నా దగ్గరకు వచ్చిన విరిగిన బోల్టులలో చాలావాటికి విరిగిన ముఖం మీద సముద్రపు గవ్వ గీతల్లాంటి చారలు కనిపించాయి. ఒక్క దెబ్బకు విరిగినది అలా ఉండదు, రోజుల తరబడి అలసి విరిగినదే అలా ఉంటుంది.

బోల్టు తల మీద ఉన్న అంకెలను కూడా చదవండి. 8.8 అంటే తన్యత బలం (లాగినప్పుడు తెగకుండా ఓర్చుకునే బలం) 800 మెగాపాస్కల్స్, 10.9 అంటే 1000. మెరుస్తూ ఉండే ఏ2-70 స్టెయిన్‌లెస్ బోల్టుకు 700 మాత్రమే. ఫ్యాక్టరీ 10.9 వేసిన చోట అందంగా ఉందని స్టెయిన్‌లెస్ వేయడం తగదు.

గతుకులదారి

నేను కాస్త భిన్నంగా చెబుతాను, ఎవరూ నొచ్చుకోవద్దు. ఎత్తుగా ఉన్నవారి కాళ్ళు ముందుకు చాపితే బాధ తగ్గుతుందన్నది సగం నిజం. కాళ్ళు ముందుకు పోయేకొద్దీ కటి వెనక్కి దొర్లుతుంది, నడుము గుండ్రంగా వంగుతుంది, ఒంటి బరువంతా తోకఎముక మీదికి చేరుతుంది. ఫుట్‌రెస్టులు మన కింద ఉన్నప్పుడు గతుకు వస్తే పాదాల మీద కొద్దిగా లేచి నడుమును కాపాడుకోగలం. అవి దూరంగా ముందున్నప్పుడు లేవలేం, దెబ్బంతా వెన్నుకే తగులుతుంది. వేగంగా వెళ్ళేటప్పుడు గాలి కాళ్ళను వెనక్కి తోస్తుంది, వాటిని నిలబెట్టడానికి తొడ కండరాలు అలసిపోతాయి. నేను 4 అంగుళాలు పెట్టించుకుని, మోకాలి నొప్పి వదిలించుకుని, నడుము నొప్పి తెచ్చుకున్నాను. ఆరు నెలల తరువాత తీసివేశాను.

మీ మోకాలు మరీ మడిచినట్టు ఉండడానికి సీటు కూడా కారణం కావచ్చు. అరిగి కుంగిన సీటు ఫోమును మార్చి 25 మిల్లీమీటర్లు ఎత్తు పెంచినా మోకాలి కోణం తెరుచుకుంటుంది. కిట్ కొనే ముందు దానిని పరిశీలించమని నా మనవి.

కొన్ని బండ్లకు ఈ సౌకర్యం తయారీదారే ఇస్తున్నారని కూడా గుర్తుంచుకోండి. కవాసాకి వల్కన్ ఎస్‌లో ఫుట్‌రెస్టులను మధ్య స్థానం నుంచి ఒక అంగుళం ముందుకు గానీ వెనక్కు గానీ జరపవచ్చు. ఇండియన్ స్కౌట్‌కు పొడుగువారి కోసం ఒకటి, పొట్టివారి కోసం ఒకటి చొప్పున కంట్రోల్స్ అమరికలు కంపెనీ ఉపకరణాల్లోనే వచ్చాయి. అలాంటివి లభిస్తే బయటి కిట్ జోలికి పోనవసరం లేదు.

క్రూజర్‌ప్రియ

గతుకులదారి గారు చెప్పిన నడుము సంగతితో ఏకీభవిస్తున్నాను. నేను 3 అంగుళాలతో పాటు హ్యాండిల్‌ను కూడా 30 మిల్లీమీటర్లు వెనక్కి తెచ్చుకున్నాను. లేకపోతే వీపు వెనక్కి వాలి చేతులు సాగిపోయేవి. ఇది మొదటి జవాబులో రాయడం మరిచాను, క్షమించండి.

దూరప్రయాణి

అయితే అంగుళాలను ఊహించకుండా కొలవడమెలా? మూడవ రకం, అంటే ఫుట్‌రెస్టులను మాత్రమే జరిపేది, తక్కువ చిక్కులతో పని తీరుస్తుందా?

పానా13

మూడవ రకం మీకు వద్దు. ఫుట్‌రెస్టు 50 మిల్లీమీటర్లు ముందుకు పోయి పెడలు అక్కడే ఉంటే, బ్రేకు కోసం పాదాన్ని వెనక్కి లాగి, మడమ ఎత్తి తొక్కవలసి వస్తుంది. దానికి విరుగుడుగా కొందరు పెడలు కొసను వెల్డింగ్‌తో పొడిగిస్తారు. ఇరుసు నుంచి కొస దాకా 150, ఇరుసు నుంచి రాడ్డు దాకా 30 మిల్లీమీటర్లు ఉన్న పెడలులో బలం 5 రెట్లు అవుతుంది. కొసను 50 పొడిగిస్తే అది సుమారు 6.7 రెట్లకు చేరుతుంది. తేలికగా తొక్కవచ్చు, నిజమే. దానికి బదులుగా పాదం మునుపటి కంటే మూడో వంతు ఎక్కువ దూరం కిందికి వెళ్ళాలి. క్రూజర్‌లో కాలు ముందే చాపి ఉంటుంది కనుక, ఆ చివరి దూరంలోనే పాదం అందకుండా పోతుంది. గేరు లివరుకూ ఇదే లెక్క.

కొలవడానికి నేను పాటించే పద్ధతి ఇది. బండిని నిటారుగా నిలిపి, ఒకరిని పట్టుకోమని, మీరు ప్రయాణంలో వేసుకునే బూట్లతోనే కూర్చోండి. సీటులో పూర్తిగా వెనక్కి కూర్చోవడం ముఖ్యం. ఇరువైపులా ఫుట్‌రెస్టు ఎత్తుకు చెక్కముక్కలు పేర్చి, వాటిని 25 మిల్లీమీటర్ల చొప్పున ముందుకు జరుపుతూ, ఒక్కొక్క చోట కనీసం పావుగంట కాళ్ళు పెట్టి ఉంచండి. రెండు నిమిషాలు కూర్చుంటే అన్నీ హాయిగానే ఉంటాయి. తరువాత పెడలు ఉండబోయే చోట పాదాన్ని పూర్తిగా కిందికి నొక్కినట్టు చాపండి. అప్పుడు కూడా మోకాలులో కొంత వంపు మిగలాలి, తుంటి సీటు మీద జారకూడదు, భుజాలు హ్యాండిల్‌ను లాగకూడదు. ఈ మూడూ నిలిచిన చివరి కొలతే మీది.

దూరప్రయాణి

రెండు సాయంత్రాలు కూర్చుని కొలిచాను, ఫలితం నేననుకున్నట్టు రాలేదు. 25 దగ్గర తేడా స్వల్పం. 50 దగ్గర మోకాళ్ళు హాయిగా తెరుచుకున్నాయి, తుంటి తిమ్మిరి కూడా రాలేదు. 75 దగ్గర కాళ్ళు చాపి కూర్చోవడం ఎంతో బాగుంది కానీ, బ్రేకు నొక్కినట్టు పాదం చాపిన ప్రతిసారీ తుంటి ముందుకు జారింది, మోకాలు దాదాపు తిన్నగా అయిపోయింది. క్రూజర్‌ప్రియ గారు మొదట చెప్పినది ఇదేనని అప్పుడు అర్థమైంది. కాబట్టి 2 అంగుళాల బ్రాకెట్ కిట్‌నే ఎంచుకుంటున్నాను. సీటు ఫోమును కూడా నొక్కి చూశాను, అది కుంగలేదు.

క్రూజర్‌ప్రియ

మీరు రాసినది చదివి నేను కూడా నా బండి మీద అదే విధంగా కూర్చుని చూశాను. నేను అలవాటు అనుకున్నది నిజానికి ప్రతి బ్రేకుకూ అర సెకను ఆలస్యం. నా మొదటి సలహాను వెనక్కి తీసుకుంటున్నాను. 2 అంగుళాలే మేలు.

లేతుపనివాడు

మంచి నిర్ణయం. గేరు వైపు రాడ్డు గురించి రెండు మాటలు చెప్పాలి. ఆ రాడ్డు రెండు కొసల్లో ఉండే రాడ్ ఎండ్‌లలో (లోపల గోళం తిరిగే కీళ్ళలో) ఒకదానికి కుడి మర, రెండవదానికి ఎడమ మర ఉంటుంది. అందువల్ల రాడ్డును ఊడదీయకుండానే మధ్యలో పట్టి తిప్పితే పొడవు పెరుగుతుంది లేదా తగ్గుతుంది. పొడవు కోసం ఒక కొసను అతిగా బయటకు తీయవద్దు. రాడ్ ఎండ్ మందానికి కనీసం ఒకటిన్నర రెట్లు మర లోపల మిగలాలి. గేర్ బాక్సు ఇరుసు మీది చేతికీ రాడ్డుకూ మధ్య కోణం, లివరు మధ్య స్థానంలో ఉన్నప్పుడు 90 డిగ్రీలకు దగ్గరగా ఉండాలి. ఆ కోణం తప్పితే పైకి వేసేటప్పుడు ఒక దూరం, కిందికి వేసేటప్పుడు మరొక దూరం కదులుతుంది, గేర్ల మధ్య న్యూట్రల్ తగులుతూ ఉంటుంది. రాడ్ ఎండ్ గోళాన్ని వేళ్ళతో పట్టి ఊపి చూడండి. కొత్తదానిలోనే టకటకమంటే తిరిగి పంపేయండి, ఎందుకంటే రెండు కొసల్లోని వదులు కలిసి లివరు దగ్గర పెద్దదిగా కనిపిస్తుంది.

పానా13

బిగించే రోజున బోల్టులను చివరిగా బిగించే ముందు హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి, బూటు కొనకూ ముందు చక్రానికీ మధ్య ఎంత ఖాళీ ఉందో చూడండి. ముందు ఫోర్కు కుంగినప్పుడు మడ్‌గార్డు ఇంకా దగ్గరకు వస్తుందని గుర్తుంచుకోండి. సైడ్‌స్టాండ్ పూర్తిగా మడిచినప్పుడు గేరు లివరుకు తగలకూడదు, సైలెన్సర్ గొట్టం బూటుకు ఆనకూడదు. ఫుట్‌రెస్టు తప్పనిసరిగా పైకి మడిచేలా ఉండాలి. మలుపులో అది నేలను తాకినప్పుడు మడిచి వెనక్కి పోతే శబ్దం మాత్రమే వస్తుంది. కదలనిదైతే చక్రాన్ని నేల మీద నుంచి లేపగలదు. బ్రేకు లైటు స్విచ్చి స్ప్రింగును కూడా మరవకండి, ఎందుకంటే పెడలు ముందుకు పోయాక అది సాగిపోయి లైటు ఎప్పుడూ వెలుగుతూ ఉండవచ్చు, అప్పుడు మీరు బ్రేకు వేసిన సంగతి వెనుక వచ్చేవారికి తెలియదు.

దూరప్రయాణి

మూడు వారాల తరువాత రాస్తున్నాను. కిట్ బిగించి ఇప్పటికి 640 కిలోమీటర్లు తిరిగాను. కొత్త బ్రేకు రాడ్డు 10 మిల్లీమీటర్లది, పాతది 8. పెడలు ఎత్తుకు వేరే స్టాపర్ బోల్టు ఉండడంతో రాడ్డు ఖాళీని మాన్యువల్ చెప్పినంతకే సరిచేయగలిగాను. మొదటిరోజు 20 కిలోమీటర్లు వెళ్ళి ఆగి, వెనుక చక్రాన్ని లేపి చేత్తో తిప్పాను. అడ్డు లేకుండా తిరిగింది.

చిక్కు గేరు వైపే వచ్చింది. రెండు నుంచి మూడుకు మార్చేటప్పుడు రెండుసార్లు న్యూట్రల్‌లాగా జారింది. లేతుపనివాడు గారి మాట గుర్తుకు వచ్చి చూస్తే, కోణం 90కి బదులు 110 డిగ్రీల దగ్గర ఉంది. గేరు చేతిని ఇరుసు గాళ్ళ మీద ఒక గాడి వెనక్కి మార్చి, రాడ్డును ఆ మేరకు తగ్గించాక సరిపోయింది.

ప్రతి బోల్టు తల నుంచి బ్రాకెట్ మీదికి తెల్లరంగుతో ఒక సన్నని గీత గీసి ఉంచాను. 100 కిలోమీటర్ల దగ్గర చూసినప్పుడు ఎడమవైపు కింది బోల్టు గీత సుమారు 3 మిల్లీమీటర్లు పక్కకు జరిగి ఉంది. విప్పి చూస్తే బ్రాకెట్‌కూ ఫ్రేముకూ మధ్య పాత రంగు పొర అణిగి చెదిరింది. ఆ రంగును గీకి, రెండు ముఖాలనూ శుభ్రం చేసి, మరలకు మధ్యరకం లాకింగ్ ద్రవం పూసి, టార్క్ రెంచితో బిగించాను. నిన్న 640 దగ్గర మళ్ళీ చూశాను, నాలుగు గీతలూ గీసినట్టే ఉన్నాయి.